షెల్ టెస్టులో అవుట్‌పుట్, ఎగ్జిట్ స్టేటస్ రెండూ పోకుండా పట్టుకోవడం ఎలా?

నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా పలాస. ఇక్కడ ఒక జీడిపప్పు వ్యాపారి లెక్కలకి బాష్ స్క్రిప్టు (షెల్ వరసగా నడిపే కమాండ్ల ఫైలు) రాశాను. తూకం ఫైలు లేకపోతే అది ఎర్రర్ చూపించి ఎగ్జిట్ స్టేటస్ 2తో ఆగాలి (0 అంటే అంతా సరిగ్గా అయినట్టు, వేరే అంకె అంటే తప్పు జరిగినట్టు). ఆగలేదు, పైగా టెస్టు పాసయింది. మొత్తం సున్నా అని చీటీ వెళ్లిపోయింది. బస్తాలు మోసినవాళ్ల కూలి ఆ చీటీ మీదే ఇస్తారు, అందుకే మనసు ఊరుకోవట్లేదు.

ఒక తప్పు దొరికింది. టెస్టు ఫంక్షన్‌లో లోకల్ (ఫంక్షన్ లోపలే ఉండే వేరియబుల్‌ని ప్రకటించే కమాండ్) అని రాసిన లైన్లోనే కమాండ్‌ని పిలిచాను. అలా రాస్తే మనకి అందేది లోకల్ స్టేటస్, అంటే 0. లోకల్‌ని పై లైనుకి జరిపాక 2 కనిపించింది.

ఇప్పుడు అసలు చిక్కు. అవుట్‌పుట్‌ని వేరియబుల్‌లోకి తీసుకుంటే చివరి న్యూలైన్లన్నీ (లైను ముగింపు గుర్తులు) రాలిపోతున్నాయి. ఆఖర్న న్యూలైన్ లేకపోతే తర్వాతి చీటీ దీని కొసకే అతుక్కుపోతుంది, కాబట్టి అదీ టెస్టు చెయ్యాలి. కమాండ్ వెనకాలే ప్రింట్‌ఎఫ్ అనే ముద్రించే కమాండ్‌తో ఒక చుక్క పెట్టి, తర్వాత తీసేశాను. న్యూలైన్లు నిలిచాయి గానీ స్టేటస్ మళ్లీ 0, అది ప్రింట్‌ఎఫ్‌ది.

టెంపరరీ ఫైలు లేకుండా రెండూ దక్కే దారి ఉందా? ఎర్రర్ మాట మామూలు అవుట్‌పుట్‌లోకి కాకుండా, ఎర్రర్ల కోసం విడిగా ఉండే స్టాండర్డ్ ఎర్రర్‌లోకే వెళ్లిందని కూడా చూడాలి. మీరెలా చేస్తున్నారో కాస్త చెప్పండి.