పర్యావరణవాదం స్వతంత్ర రాజకీయ సిద్ధాంతమేనా?

ప్రశ్న:
ఉదారవాదానికి స్వేచ్ఛ, సామ్యవాదానికి సమానత్వం మూలవిలువలని చెప్పుకుంటాం. పర్యావరణవాదానికి అలాంటి మూలవిలువ ఏది? నదులు కలుషితం కావాలని, అడవులు నశించాలని కోరే పార్టీ ఎక్కడా ఉండదు. సంప్రదాయవాదులు, మార్క్సిస్టులు, స్వేచ్ఛా విపణిని సమర్థించేవారు కూడా తమ తమ పద్ధతిలో ప్రకృతిని కాపాడతామనే అంటారు. అటువంటప్పుడు దీనిని ఒక ప్రత్యేక సిద్ధాంతంగా పరిగణించడానికి ఆధారమేమిటో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం:
నదిని కాపాడాలనడంలో అందరూ ఏకీభవించవచ్చు. ఎవరి కోసం కాపాడాలన్న చోటనే దారులు వేరవుతాయి. నార్వే తత్త్వవేత్త ఆర్నే నెస్ 1973లో ఈ తేడాను స్పష్టం చేశాడు. సంపన్న దేశాల ప్రజల ఆరోగ్యం, సౌఖ్యం కోసం కాలుష్యంతోనూ వనరుల తరుగుదలతోనూ పోరాడే ఉద్యమాన్ని ఆయన పైపైదిగా భావించి, మనిషికి ఉపయోగపడినా పడకపోయినా ప్రతి జీవికీ తనదైన విలువ ఉందని నమ్మే ఉద్యమాన్ని లోతైనదిగా గుర్తించాడు. అంతకుముందే అమెరికాకు చెందిన ఆల్డో లియోపోల్డ్, ఆయన మరణానంతరం 1949లో వెలువడిన పుస్తకంలో, నేల, నీరు, మొక్కలు, జంతువులు కూడా మన నైతిక సమాజంలో భాగమేనని, అందులో మనిషి విజేత కాదని, ఒక సాధారణ సభ్యుడు మాత్రమేనని రాశాడు.

ఉదారవాదులు, సామ్యవాదులు ఎంతగా విభేదించుకున్నా వారి వాదమంతా మనుషుల మధ్య పంపకం గురించే, అదీ ఎక్కువగా నేడు బతికి ఉన్నవారి మధ్య పంపకం గురించే. పర్యావరణవాదం ఆ పరిధిని ఇతర జీవజాతులకూ ఇంకా పుట్టని తరాలకూ విస్తరిస్తుంది; భూమికి హద్దులున్నాయి గనుక అంతులేని ఆర్థిక వృద్ధి సాధ్యం కాదని కూడా చెబుతుంది. వారెవరికీ ఓటు లేదు కాబట్టి వారి తరఫున మాట్లాడేదెవరన్నది వెంటనే రాజకీయ ప్రశ్న అవుతుంది. ఈక్వడార్ 2008 రాజ్యాంగంలో ప్రకృతికి హక్కులను గుర్తించింది. న్యూజిలాండ్ 2017లో వాంగనూయి నదికి చట్టబద్ధమైన వ్యక్తిత్వాన్ని ఇచ్చి, దాని పక్షాన వ్యవహరించడానికి ప్రభుత్వం తరఫున ఒకరిని, మావోరీ తెగల తరఫున మరొకరిని నియమించే ఏర్పాటు చేసింది. మరే సిద్ధాంతమూ తనంతట తానుగా ఇలాంటి సంస్థలను కోరదని నా అభిప్రాయం.

రెండో సమాధానం:
పై సమాధానంలో నన్ను కలవరపెట్టే లోటు ఒకటి ఉంది. తప్పంతా ‘మానవజాతి’ది అన్నప్పుడు, ఎవరు ఎంత వాడుకున్నారన్న ప్రశ్న మరుగున పడుతుంది. చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లో నెస్ చెప్పిన ఆ లోతైన ఉద్యమంపై చేసిన విమర్శ సారాంశం ఇదే: మనుషులే లేని అరణ్యమన్న ఆదర్శాన్ని పేద దేశాల మీద మోపితే, అడవి మీద ఆధారపడి బతికేవారి వనరులు సంపన్నుల వినోదానికి తరలిపోతాయి. భూమికి హద్దులున్నాయన్న వాదాన్ని పట్టుకునే అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1974లో పేద దేశాలకు ఆహార సహాయం చేయరాదని వాదించాడు. న్యాయాన్ని విడిచిపెట్టిన పర్యావరణవాదం ఎంత క్రూరంగా మారగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. 1980లో ఏర్పడిన జర్మన్ గ్రీన్ పార్టీ పర్యావరణంతో పాటు సామాజిక న్యాయం, అట్టడుగు స్థాయి ప్రజాస్వామ్యం, అహింస అనే స్తంభాలను కూడా నిలబెట్టుకోవలసి వచ్చింది. ఆ మూడూ మొదటి దాని నుంచి తర్కబద్ధంగా పుట్టలేదు. ఇతర ఉద్యమాల నుంచి వచ్చి చేరాయి.

మూడో సమాధానం:
చేరిన విలువల మధ్య ఘర్షణ వస్తే ఏది ముందన్నది కూడా తేలలేదు. 1999లో కొసావో యుద్ధ సమయంలో అదే గ్రీన్ పార్టీ అధికార కూటమిలో ఉంది. దాని ప్రముఖ నాయకుడు యోష్కా ఫిషర్ విదేశాంగ మంత్రిగా నాటో దాడులను సమర్థించడంతో అహింసను నమ్మిన సభ్యులతో తీవ్రమైన చీలిక ఏర్పడింది.

మొదట సమాధానం ఇచ్చినవారు:
కొసావో ఉదాహరణను అంగీకరిస్తాను. అయితే న్యాయం బయటి నుంచి వచ్చిందన్న మాటను ఒప్పుకోలేను. రాబోయే తరాల పట్ల మనకు బాధ్యత ఉందంటే, ఒకరి చేతల భారం మరొకరి మీద పడకూడదని ఒప్పుకున్నట్టే. ఆ సూత్రం ఒకే కాలంలో బతుకుతున్న ధనిక, పేద దేశాల మధ్య మాత్రం వర్తించదనడానికి కారణం కనిపించదు. 1992 రియో ప్రకటనలోని ఏడో సూత్రం దేశాలన్నిటికీ ఉమ్మడి బాధ్యత ఉందంటూనే, పర్యావరణ క్షీణతలో వాటి పాత్రను బట్టి ఆ బాధ్యతలో తేడాలుంటాయని చెప్పింది. హార్డిన్ వాదం ఆ బాధ్యతను సగంలోనే ఆపేసింది.