మా ఎమ్మెల్యే అభ్యర్థి వైద్యం గురించి ఏమంటున్నారో ఎక్కడ చూడాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు పల్లె. మా దగ్గరి పీహెచ్‌సీలో సాయంత్రమైతే డాక్టర్ ఉండరు. పోయినేడు రాత్రి టమాటా తోటకు నీళ్లు కడుతుంటే మా మామను పాము కరిచింది. 108లో కర్నూలు చేరేదాకా అత్త ఆయన్ని నిద్రపోనీకుండా మాట్లాడిస్తూనే ఉంది. బతికాడు. అందుకే ఈసారి ఓటేసే ముందు అడగాలనుకున్నా.

మొన్న అభ్యర్థి ప్రచారానికొచ్చి కరపత్రం ఇచ్చారు. అరపేజీ ఆయన ఫొటో, కింద "మెరుగైన వైద్యం" అని ఒకే ముక్క. రాత్రి డ్యూటీకి డాక్టర్‌ను వేయిస్తారా అంటే "చూద్దాంలేమ్మా" అన్నారు. టమాటా ధర సంగతి అడిగేలోపే జీపు కదిలింది!

అభ్యర్థుల వివరాలు చూపించే ఎన్నికల సంఘం కేవైసీ (నో యువర్ క్యాండిడేట్) యాప్‌లో, ఈయన నామినేషన్‌తో పాటు ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ చదివాను. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉన్నాయి. ఆసుపత్రుల మాట అందులో ఉండదు కదా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీకి ప్రభుత్వం మారితే పేరూ మారుతోంది, దాని మీద ఈయన సొంత అభిప్రాయమేంటో తెలీదు.

ఈయన ఇంతకుముందు ఒకసారి గెలిచారు. అప్పుడు అసెంబ్లీలో ఆసుపత్రుల మీద, సాగునీటి మీద ఏం ప్రశ్నలు అడిగారో వెతకడం ఎలా? మా ఊళ్లో అభ్యర్థులందర్నీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలంటే ఎవరి అనుమతి కావాలి? మీ ఊళ్లో ఎవరైనా చేసుంటే చెప్పండన్నా, అక్కా. పార్టీ గొడవలు మాత్రం వద్దు.