4294967297కి 641 అనే కారణాంకం ఎలా దొరికింది? పిల్లలకి అర్థమయ్యేలా చెప్పగలరా?
మేం ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, మా పాప తొమ్మిదో తరగతి. 32 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి ఒకటి కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడనీ, 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త అది 641 × 6700417 అని చూపించాడనీ చెప్తే, కాగితం మీద తనే భాగించి చూసుకుంది, శేషం సున్నా వచ్చేసరికి ఎంత సంబరపడిందో. తర్వాత "ఆయనకి 641 ఎలా తట్టింది నాన్నా?" అంది.

వెతికితే తెలిసింది, దీని కారణాంకం ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలట, అలాంటి ప్రధాన సంఖ్యల్లో 193, 257, 449, 577 దాటితే ఐదోది 641. కానీ 64 ఎందుకు? మాడ్యులో లెక్కలు (శేషాలతో చేసే లెక్కలు) రాని పిల్లకి ఇది ఎలా చెప్పాలి? 641 అంటే 5 × 128 + 1, అలాగే 625 + 16, ఈ రెండూ కలిపితే భాగహారం లేకుండానే తేలుతుందట. ఆ మెట్లు కూడా ఎవరైనా రాయండి ప్లీజ్.