సైకిల్‌కి 11-32 తీసి 11-34 క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్ల చక్రాల సెట్టు, అంకెలు చిన్న, పెద్ద చక్రాల పళ్లు) వేశాక గేర్లు సరిగ్గా పడట్లేదు

ప్రశ్న:
వెనక 8 స్పీడ్, షిమానో ఆల్టస్ ఎం310 డీరైలర్ (చైనును గేరు నుంచి గేరుకి జరిపేది), ముందు పళ్ల చక్రాలు 42-34-24. చైను పాతదే. 34 కాగ్ (క్యాసెట్‌లో 34 పళ్ల చక్రం) ఎక్కితే గరగరమంటోంది. చిన్న కాగ్‌ల మీద గట్టిగా తొక్కితే టక్కున జారుతోంది. బ్యారెల్ (గేరు కేబుల్ బిగువు సర్దే మర) ఎటు తిప్పినా అంతే. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
బ్యారెల్ జోలికి ఇప్పుడే వెళ్లకండి, అది ఆఖరి పని. గరగర బీ-స్క్రూ (డీరైలర్‌కీ కాగ్‌కీ మధ్య సందు సర్దే స్క్రూ) వల్ల. కాగ్ పెద్దదైంది కదా, డీరైలర్‌లోని పై పుల్లీ (చిన్న పళ్ల చక్రం) దానికి రాసుకుంటోంది. ముందు 24, వెనక 34 మీద పెట్టి పెడల్ వెనక్కి తిప్పుతూ చూడండి. పుల్లీ పళ్ల కొసకీ కాగ్ పళ్ల కొసకీ మధ్య 5-6 మి.మీ. సందుండాలి, 5 మి.మీ. అలెన్ కీ దూరేంత. స్క్రూ బిగిస్తే సందు పెరుగుతుంది. అలాగని అవసరానికి మించి బిగిస్తే చిన్న గేర్లు బద్ధకంగా పడతాయి.

డీరైలర్ మార్చక్కర్లేదు. ఎం310 34 పళ్ల దాకా తీసుకుంటుంది. కెపాసిటీ (అది సర్దుకోగల చైను వదులు, పళ్ల లెక్కలో) 43, మీకు కావాల్సింది ముందు 42-24 తేడా 18, వెనక 34-11 తేడా 23, అంటే 41.

జవాబు 2:
బీ-స్క్రూ అయ్యాక మిగతావి ఈ వరసలో చేయండి. చైను 11 మీద పెట్టి, కేబుల్ బోల్టు వదులు చేయండి. బ్యారెల్ పూర్తిగా లోపలికి బిగించి ఒక చుట్టు వెనక్కి తిప్పండి. వెనక నుంచి చూస్తూ, పుల్లీ 11 కాగ్ బయటి అంచు కిందకి వచ్చేలా హెచ్ స్క్రూ (చిన్న కాగ్ వైపు హద్దు పెట్టేది) తిప్పండి. కేబుల్ లాగి బోల్టు బిగించండి. తర్వాత 34 మీదకి తెచ్చి పుల్లీ సరిగ్గా దాని కిందే ఆగేలా ఎల్ స్క్రూ (పెద్ద కాగ్ వైపు హద్దు పెట్టేది) పెట్టండి. ఇక్కడ తొందరపడొద్దు. ఎల్ వదులైతే చైను చువ్వల్లో పడుతుంది, డీరైలర్ విరిగి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ కూడా పోతుంది.

ఇక బ్యారెల్. 11 నుంచి ఒక్క క్లిక్ వేయండి. రెండో కాగ్ ఎక్కకపోతే పావు చుట్టు విప్పే వైపు, మూడోదానికి తగిలి చప్పుడొస్తే పావు చుట్టు బిగించే వైపు.

జవాబు 3:
జారడం మాత్రం సర్దుబాటుతో పోదు. సాగిన చైను కొత్త పళ్లలో కూర్చోదు, బరువు పడగానే పైకెక్కి దూకుతుంది. స్టీలు స్కేలుతో పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 24 లింకులు కొలవండి, 12 అంగుళాలు రావాలి. అంగుళంలో 16వ వంతు పెరిగిందంటే చైను మార్చేయండి, లేకపోతే కొత్త క్యాసెట్‌నీ తినేస్తుంది.

క్యాసెట్‌ని పట్టి ఉంచే లాక్‌రింగ్ కూడా చూడండి, 40 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి. విడి కాగ్‌ల మధ్య స్పేసర్ (ఎడం ఉంచే రింగు) ఒకటి తప్పిపోతే సగం గేర్లు బాగా పడి సగం పడవు. గంటలకొద్దీ బ్యారెల్ తిప్పినా అది సరికాదు.

ప్రశ్న అడిగినవారు:
16వ వంతు కంటే ఎక్కువే సాగింది. కొత్త చైను పాతదాని పొడవుకే కొయ్యాలా?

జవాబు 3:
వద్దు, పాతది 32కి కోసింది. డీరైలర్‌లోంచి పోనివ్వకుండా, నేరుగా ముందు 42, వెనక 34 మీదుగా చుట్టండి. కొసలు కలిసే చోటుకి ఇంకో 2 లింకులు కలిపి కొయ్యండి. పొట్టిగా కోస్తే 42-34 మీద పడ్డప్పుడు డీరైలర్‌ని పీకేస్తుంది.