ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లను ఇంటర్ హాస్టల్‌ల వేయొచ్చా?

నర్సంపేట అమ్మ:
బిడ్డ పదో తరగతి అయిపోయింది. మొన్న జనవరిల సైకియాట్రిస్టుకు చూపిస్తే ఏడీహెచ్‌డీ అన్నరు, అంటే ధ్యాస, కుదురు నిలవని ఇబ్బందట. గెంతులేసే రకం కాదట, ధ్యాస నిలవని రకం. ఇన్నేండ్లు మేము పరాకు పిల్ల అనుకున్నం. ఒక జడ వేసుకోని, కిటికీల నుంచి చూసుకుంట కూసోని, రెండోది మర్చిపోయి బడికి పోయేది. మందు మొదలుపెట్టి మూడు నెలలాయె, కొంచెం తేడా ఉన్నది. ఇప్పుడు మా అన్న హన్మకొండల రెసిడెన్షియల్ కాలేజీల సీటు మాట్లాడిండు. "పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాక స్టడీ అవర్లు, ఫోన్ ఉండది, అన్నీ సెట్ అయితయి" అంటడు. మా ఆయన గూడ అటే. పిల్లనడిగితే "మీ ఇష్టం" అంటది. ఆ మాటే నాకు నచ్చుతలేదు.

కాజీపేట జంక్షన్:
అక్కా, మీ అన్న చెప్పింది సగం నిజం. నాకూ ఇదే ఉన్నది, ఇరవై ఏడేండ్లకు తెలిసింది. ఇంటర్ హాస్టల్‌ల నేను బాగనే చదివిన. గంట కొట్టంగనే పుస్తకం తీసేటోన్ని, మళ్ల కొట్టంగనే మూసేటోన్ని. తర్వాత ఇంజనీరింగ్‌కు హైదరాబాద్ పోయిన. అక్కడ గంట కొట్టేటోడు లేడు. పదకొండు బ్యాక్‌లాగ్‌లు. ఇంట్ల అందరు బలుపు అన్నరు, నేను గూడ అదే అనుకున్న. హాస్టల్ వద్దంటలేను గని, ఆ రెండేండ్లల్ల పిల్ల తన గంట తను కొట్టుకునుడు ఎవరు నేర్పుతరో అడుగుండ్రి.

సుబేదారి లెక్కల సార్:
ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు చెప్తున్నాను. నేను వద్దనే అంటాను. పదిహేడు గంటలు కూర్చోబెట్టినంత మాత్రాన చదివినట్టు కాదు. మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది, నోట్‌బుక్ తిరగేస్తే ప్రతి పేజీలో మొదటి రెండు వరుసలు లెక్క, కింద అంతా పూలు. అల్లరి చేయదు, ఎదురు చెప్పదు, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా. ఆడపిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడేది ఇందుకే. పైగా నిద్ర కోస్తే ఉన్న ధ్యాస కూడా పోతుంది. ఇంకో సంగతి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంది, ఏడీహెచ్‌డీకి మాత్రం విడిగా చోటు లేదు. సర్టిఫికెట్ చూపించి పరీక్షలో అదనపు సమయం అడగొచ్చనే ఆశ పెట్టుకోకండి.

పరకాల పెద్దమనిషి:
ఇవన్నీ ఫోన్లు తెచ్చిన రోగాలు. మా కాలంల ఉండెనా? రెండు దెబ్బలు పడితే అందరం చదివినం.

కాజీపేట జంక్షన్:
పెద్దనాయనా, 1902ల లండన్‌ల జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్ ఇసొంటి పిల్లల గురించే ఉపన్యాసాలిచ్చిండు. అప్పుడు ఫోన్ యాడిది? ఇయ్యాల గూడ ఊకనే పేరు పెట్టరు. పన్నెండేండ్ల లోపలనే లక్షణాలు కనబడాలె, ఇంట్ల బడిల రెండు కాడ్ల ఉండాలె. దెబ్బలంటరా, నేను తిన్నయి లెక్క లేదు. బెల్టు రంగు యాదికున్నది, పాఠం యాదికి లేదు.

మందుల షాపు తమ్ముడు:
అక్కా, అందరు చదువు మీదనే పడ్డరు, నేను గోలీ సంగతి అడుగుత. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందులల్ల మీ పాపది మిథైల్‌ఫెనిడేట్ అయితే అది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే సర్కారు గట్టిగ కట్టడి పెట్టిన లిస్టుల ఉన్నది. చీటీ రెండు కాపీలు కావాలె, ఒకటి షాపోడు రెండేండ్లు దాచిపెట్టాలె. దానికి వేరే లైసెన్సు, అందుకే అన్ని షాపులల్ల దొరకది. ఆటమాక్సెటిన్ అనే ఇంకో మందు అయితే ఈ తిప్పలు లేవు. హాస్టల్‌ల గోలీలు ఎవరి చేతిల ఉంటయి? పెట్టెల పెడితే, పరీక్షల ముంగట పక్క మంచం పిల్ల నిద్ర ఆపుకునేతందుకు ఒకటి మింగుతది. పొద్దున మర్చిపోయి సాయంత్రం వేసుకుంటే మీ పాపకు రాత్రంత నిద్ర రాదు. పోయినంక కాదు, చేర్పియ్యకముందే అడుగుండ్రి.

సుబేదారి లెక్కల సార్:
ఈ కోణం నాకు తట్టలేదు. కానీ అడగాలంటే జబ్బు సంగతి కాలేజీకి చెప్పాలి కదా? చెప్తే చివరి సెక్షన్‌లో వేస్తారేమోనన్న భయం ఉంటుంది. అయినా చెప్పమనే అంటాను.

కాజీపేట జంక్షన్:
సార్, మీరు మంచోళ్లు కాబట్టి అంటున్నరు. నేనైతే అడ్మిషన్ అయ్యేదాక చెప్పను.

నర్సంపేట అమ్మ:
ఆదివారం పోయొచ్చిన. చెప్పే అడిగిన, కాజీపేట తమ్మీ కోపం చెయ్యకు. వార్డెన్ మేడం మంచిగనే మాట్లాడింది. గోలీలు ఎవరిస్తరంటే మాత్రం "పిల్లలే చూసుకుంటరమ్మా" అన్నది. మా అన్న మొకం చూసిన, ఆయన గడియారం చూసుకుంటుండు. వచ్చేటప్పుడు బస్సుల పిల్లను మళ్ల అడిగిన, హాస్టలా ఇల్లా అని కాదు, పొద్దున లేవంగనే ఏం భయమైతదే అని. హన్మకొండ నుంచి నర్సంపేట దాక చెప్పినా ఒడువనంత చెప్పింది, ములుగు రోడ్డు రాకముందే నాకు ఏడుపొచ్చింది.

డే స్కాలరే అనుకుంటున్నం. రోజు బస్సుల తిరుగుడు కష్టం, నేను ఆడ రూం తీసుకోని ఉంట. మా ఆయన కిరాయి లెక్కలు వేస్తుండు, ఇంక ఒప్పుకోలె. సుబేదారి దిక్కు రెండు గదుల ఇల్లు ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి. చదువుకునే గది కిటికీ రోడ్డు మీదికి మాత్రం వద్దు.