ఏళ్ల తరబడి ట్రమడాల్: తప్పు కొట్టువాడిదా, చీటీదా, కూలి బతుకుదా?

గాజువాక_మిత్రుడు: నడుంనొప్పికి రాసిన, అలవాటుగా మారే నొప్పిమందు ట్రమడాల్‌ను ఏళ్లపాటు మింగేవాళ్లలో కళాసీలు, కాంట్రాక్టు కూలీలే కనిపిస్తున్నారు. ఎందుకు? అడ్డుకోవాల్సింది ఎవరు?

మందుల_కొట్టు: ఏటండీ ఈ ప్రశ్న, చీటీ లేకుండా ఇచ్చే కొట్ల వల్ల! ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1, అంటే చీటీ మీదే అమ్మాల్సిన, లెక్క రాయాల్సిన మందుల జాబితాలోది. పేషెంటు పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. 2018 ఏప్రిల్ నుంచి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకీ వచ్చింది. నలిగిపోయిన పాత చీటీ తెస్తే నేనివ్వను.

కంచరపాలెం_ఫిజియో: చట్టం చదివితే నడుం బాగుపడదు సార్. వారానికి మూడు సిట్టింగులు, ఆరు వారాలు, ఆపైన బరువులెత్తకూడదు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) ఉంటే సెలవు రోజులకి కూలిలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది, అదీ మొదటి రెండు రోజులు పోను. ఫిషింగ్ హార్బర్లో తట్ట మోసేవాడికి ఎవడిస్తాడు? మాత్ర వేసుకుంటే ఆ పూట పనికెళ్తాడు.

డాబాగార్డెన్స్: హెచ్1 అయితే మళ్లీ ఎన్‌డీపీఎస్ ఏంటి? రెండూ ఎలా ఉంటాయి?

మందుల_కొట్టు: ఉంటాయి బాబూ. ఆందోళనకి వాడే అల్ప్రజోలామ్‌కీ రెండూ ఉన్నాయి. ఒకటి డ్రగ్స్ రూల్స్, రెండోది మత్తుమందుల చట్టం.

డాబాగార్డెన్స్: నాకు నమ్మకం లేదు.

అగనంపూడి: చట్టం బిగిస్తే క్యాన్సర్ నొప్పివాళ్లకి మార్ఫిన్ దొరకదు. ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014 సవరణ వచ్చిందే ఆ ఇబ్బంది తగ్గించడానికి.

మందుల_కొట్టు: క్యాన్సర్ సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగకండి. అయినా డబ్బున్నవాడు వాడడా? పెయిన్ క్లినిక్ ఫైల్లో ఉంటాడు కాబట్టి కనబడడు, అంతే. కూలీవాడు కౌంటర్ దగ్గర నిలబడతాడు, మాకు తిట్లు మిగులుతాయి.

కంచరపాలెం_ఫిజియో: మీ తిట్ల గొడవే మీది! రోజుకి నాలుగు 50 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ వేసేవాణ్ణి ఒక్కసారి పొమ్మంటే ఏమవుతుందో తెలుసా?

సీతమ్మధార_డాక్టర్: తెలియాల్సింది అదే. ఆపిన 12 నుంచి 24 గంటల్లో చెమటలు, ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కాళ్ల పీకులు. రోగి ఏమనుకుంటాడు? 'నా పాత నొప్పి ముదిరింది' అని. ఇంకో కొట్టుకి పోతాడు. ఏడాది దాటి వాడినవాళ్లకి నెలకి పది శాతం చొప్పున తగ్గించమంటారు. 200 మిల్లీగ్రాముల్లో అది 20, క్యాప్సూల్‌ని అలా కోయలేం. మందుని మెల్లగా వదిలే ఎస్ఆర్ మాత్ర విరిస్తే మందంతా ఒక్కసారే వదులుతుంది, అది ఇంకా ప్రమాదం. కాబట్టి ఒక పూట 50 తీసి 37.5 ఉన్న పారాసెటమాల్ కాంబినేషన్ పెడతాం, అందులోని 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ కూడా రోజు మొత్తంలో లెక్కేసి. చివరి క్యాప్సూల్ దగ్గర ఇంకా నెమ్మది. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ లాంటివి వాడుతుంటే ఫిట్స్ భయం ఉంటుంది, ముందే అడగాలి. అమెరికాలోనూ ఇలాంటి నొప్పిమందులపై 2016 మార్గదర్శకాల తర్వాత డాక్టర్లు డోసులు తెగ్గోసేశారు. హఠాత్తుగా ఆపొద్దని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాల్సి వచ్చింది.

మందుల_కొట్టు: సరే, ఆ తగ్గింపు చీటీ మీద రాసి పంపండి. కొత్త తేదీతో.

కంచరపాలెం_ఫిజియో: నెలనెలా ఆ కొత్త తేదీ వేయించుకోడానికి ఒక రోజు కూలి పోతుంది. అసలు గొడవ అక్కడే ఉంది, ఇప్పటిదాకా మీరు దాని జోలికే రాలేదు.

మందుల_కొట్టు: లైసెన్సు పోయేది నాది. ఆ కూలి మీరివ్వండి.

డాబాగార్డెన్స్: హెచ్1 గురించి ఇంకా ఎవరూ తేల్చలేదు.