పోల్చుకోవడమా, ఆనవాలు పట్టడమా?

ఒక చిన్న సందేహం. సైన్స్ ఫిక్షన్ రచయితల మీద వ్యాసం ఒకటి రాస్తున్నాను. వాళ్ళ పాత్రల వెనక సొంత ఇంటివాళ్ళు ఎక్కడెక్కడ దాక్కున్నారో వెతకడం దాని పని. 'ఈ పాత్రలో రచయిత తోబుట్టువుని గుర్తించవచ్చు' అని ఒక వాక్యం రాశాను. 'గుర్తించడం' అనగానే ఏదో సంఘానికి గుర్తింపు ఇచ్చినట్టు వినిపిస్తోంది. 'పోల్చుకోవచ్చు' అంటే బాగుంటుందా? ఇప్పటి పాఠకులు దాన్ని రెండిటిని పక్కపక్కన పెట్టి బేరీజు వేయడం అనుకుంటారేమోనని టెన్షన్.

*

'పోల్చుకోవడం' మంచి మాటే. 'పోలు' నుంచి పోలిక, పోల్చు, పోల్చుకొను అన్నీ వచ్చాయి. 'చీకట్లో నిన్ను పోల్చుకోలేకపోయాను' అంటే ఎవరికైనా అర్థమవుతుంది, అక్కడ బేరీజు గొడవ రాదు. కానీ మీ వాక్యంలో నాకు కనిపిస్తున్న చిక్కు వేరు. మనిషిని పోల్చుకోవాలంటే ఆ మనిషిని ముందు ఒకసారైనా చూసి ఉండాలి. ఉదాహరణకి, ఫ్రాంకెన్‌స్టైన్ రాసిన మేరీ షెల్లీ ఇంటివాళ్ళని మనం చూడలేదు. మన చేతిలో ఉన్నవి గుర్తులు మాత్రమే. కాబట్టి మనం చేసేది ఆనవాలు పట్టడం. పోల్చుకునే హక్కు ఆ ఇంటివాళ్ళది.

ఫ్రాంకెన్‌స్టైన్ (1818) నవలనే చూడండి. కథంతా ఉత్తరాల్లో నడుస్తుంది. ధ్రువాల వైపు ఓడలో వెళ్ళిన వాల్టన్ ఆ ఉత్తరాలు రాసేది వాళ్ళక్కకి. ఆవిడ పేరు మార్గరెట్ వాల్టన్ సావిల్. మూడు పేర్ల మొదటి అక్షరాలు తీసుకుంటే ఎం, డబ్ల్యూ, ఎస్. రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పేరుకీ అవే. మార్గరెట్ కథలో ఒక్కసారి కూడా నోరు విప్పదు, ఒక్క జవాబు రాయదు. ఆవిడ స్వభావం ఏమిటో, రూపం ఏమిటో మనకి తెలియదు. పోల్చుకోవడానికి ముఖమే లేదు, ఉన్నది మూడక్షరాల ఆనవాలు.

నవల నాయకుడు విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ పేరు ఇంకాస్త దూరం వెళ్తుంది. మేరీ భర్త పెర్సీ షెల్లీ 1810లో తన చెల్లెలు ఎలిజబెత్‌తో కలిసి ఒక కవితల పుస్తకం వేశాడు. అందులో తనకి పెట్టుకున్న మారుపేరు విక్టర్. నవలలో విక్టర్‌తో పాటు ఒకే ఇంట్లో పెరిగిన అమ్మాయి పేరు ఎలిజబెత్. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

అయితే ఇదే పుస్తకంలో ఒక గొయ్యి కూడా ఉంది. విక్టర్ చిన్న తమ్ముడు విలియమ్, హత్యకి గురవుతాడు. మేరీ కొడుకు పేరూ విలియమే, పసితనంలోనే పోయాడు. దాంతో 'కొడుకు పోయిన దుఃఖం నవలలోకి వచ్చింది' అని కొందరు సులువుగా తేల్చేస్తారు. ఆ పిల్లవాడు పోయింది 1819లో, అంటే పుస్తకం వచ్చిన మరుసటి ఏడు. రాసేటప్పుడు వాడు పక్క గదిలో ఆడుకుంటూ ఉండి ఉంటాడు. పైగా మేరీ తండ్రి పేరు విలియమ్ గాడ్విన్, పుస్తకం అంకితం ఆయనకే. సవతి తల్లికి పుట్టిన తమ్ముడూ విలియమే. ఒక్క పేరుకి ఇంట్లో ముగ్గురు. ఆనవాలు దొరికినా మనిషి దొరకడని దీన్నిబట్టి మీకే తెలుస్తుంది.

*

పై వివరణ బాగుంది కానీ 'ఆనవాలు' అంటే నాకు పోలీసు వాసన వస్తోంది. దొంగ ఆనవాళ్ళు, శిథిలాల ఆనవాళ్ళు. అభిమానంతో చదివే పాఠకుడికి ఈ మాట ఎందుకు?

*

హనుమంతుడు సీతకి చూపించిన ఉంగరం కూడా ఆనవాలే కదండీ! అందులో పోలీసులు ఎక్కడున్నారు?

సరదాకి అన్నాను, ఏమీ అనుకోకండి. శిథిలాల మాట తెచ్చారు గనక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఫిలిప్ కె. డిక్ సంగతి చెప్తాను. ఆయనతో కవలగా పుట్టిన జేన్ ఆరు వారాలు బతికి 1929 జనవరిలో పోయింది. ఆ సమాధి రాతి మీద పక్కనే ఈయన పేరు కూడా చెక్కి, పోయిన తేదీ చోటు ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ నిండింది 1982లో. ఇక డాక్టర్ బ్లడ్‌మనీ (1965) నవలలో ఈడీ అనే చిన్నపిల్ల ఒంట్లోనే ఆమె కవల సోదరుడు బిల్ బతుకుతూ ఉంటాడు, లోపలినుంచి ఆమెతో మాట్లాడుతూ ఉంటాడు. బయట తిరిగేది ఆడపిల్ల, లోపల ఉండిపోయింది మగపిల్లవాడు. తారుమారు చేశాడు చూడండి! ముఖకవళికలు వెతికేవాళ్ళకి ఇక్కడ జేన్ దొరకదు, ఆరు వారాల పాపకి ముఖకవళికలు ఏముంటాయి? దొరికేది ఒక ఖాళీ ఆకారం. దానికి శిథిలాల ఆనవాళ్ళ కంటే సరైన మాట నాకు తోచడం లేదు.

*

వ్యక్తి కాకుండా ఇల్లే పుస్తకంలోకి వచ్చిన చోట ఏమంటారు? ఉర్సులా లె గ్విన్ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న మానవశాస్త్రవేత్త. ఆవిడ 1969లో రాసిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' నవలలో పరాయి గ్రహం గురించిన నివేదికలు, క్షేత్రపరిశీలన నోట్సు, అక్కడి జానపద గాథలు కథ మధ్యలో వస్తుంటాయి. నాన్న పాత్ర ఏదీ లేదు, నాన్న చూపు మాత్రం అంతటా ఉంది. దీన్ని నేనైతే 'పోలిక' అంటాను. తండ్రి పోలిక వచ్చింది, కాకపోతే పాత్రకి కాదు, పుస్తకానికి.

*

అందరికీ థాంక్స్. నా వ్యాసంలో కర్ట్ వానెగట్ కూడా ఉన్నాడు. స్లాప్‌స్టిక్ (1976) నవలలో ఒక ఆడ, ఒక మగ కవలలు ఇద్దరూ కలిసి ఉంటేనే మేధావులు, విడదీస్తే మందమతులు. తన అక్క ఆలిస్ గురించి ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. అక్కడ ఆనవాలు పట్టే పనే లేదు, కాబట్టి ఆయన దగ్గర 'అక్కని తలుచుకుంటూ' అని ఊరుకున్నాను.

డిక్ వాక్యం మాత్రం ఇలా మార్చాను: 'ఈడీ ఒంట్లో బిల్ మాట్లాడుతున్నప్పుడు జేన్ ఆనవాళ్ళు దొరుకుతాయి. ఆమెను పోల్చుకోగలిగినవాళ్ళు ఆ ఇంటివాళ్ళే.' రెండు మాటలూ వాడేశాను. ఎవరికీ అభ్యంతరం లేదుగా?